రేవున కేక, తెరపై కేక

శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. ఆ తీరమున సంతబొమ్మాళి మండలమునకు చెందిన పల్లె భావనపాడు. అచ్చటి జనులలో పెక్కుమందికి సముద్రమే పొలము. తెల్లవారకమునుపే తెప్పలును మరపడవలును అలలను దాటి పోవును. ప్రొద్దెక్కిన పిమ్మట అవి తిరిగివచ్చి ఇసుకపై నిలుచును. వలలు దులుపుట, చేపలను జాతులవారీగా వేరుచేయుట, వేలము పాడుట మొదలగు పనులన్నియు గంట, రెండు గంటలలో ముగియవలెను. ఏలయన, చేప వేచియుండదు. వడ్లకు ధర లేనిచో రైతు వానిని గాదెలో పోసికొని నెలల తరబడి చూడగలడు. మత్స్యకారుని సరుకు మధ్యాహ్నపుటెండకే చెడిపోవును. కొనువాడు ఆ సంగతి నెరిగినవాడే. అతడు తొందరపడడు, తొందర అంతయు అమ్మువానిదే.

అమ్ముడుపోక మిగిలిన చేపలను కాపాడుటకు పూర్వులు కనిపెట్టిన యుపాయము ఉప్పును ఎండయును. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు మొదలగువానిని ఎండబెట్టి నిలువచేయుదురు. పెద్ద చేపలను చీల్చి ఉప్పు పట్టింతురు. ఉప్పునకు దూరము పోనక్కరలేదు. అదే మండలములోని నౌపడ ఉప్పుకొఠారులు పేరుపడినవి. ఈ పనిలో అధికభాగము స్త్రీలది. మగవారు వేటనుండి వచ్చి నిదురించుచుండగా ఆడువారు ఎండలో వంగి చేపలను తిరుగవేయుచుందురు. ఇసుకపై ఆరబోసిన చేపకు ఇసుక అంటును. కుక్కలును కాకులును వచ్చును. అకాలమున చినుకు పడినచో రెండు దినముల కష్టము నేలపాలగును. గుంజలపై వెదురు తడకలు పరచి వానిపై ఎండబెట్టినచో ఈ బాధ చాలవరకు తప్పును. 1957లో స్థాపింపబడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సౌరశక్తిచే చేపలనారబెట్టు యంత్రములను సైతము రూపొందించినది. ఆ సంస్థకు విశాఖపట్టణమున ఒక శాఖ కలదు. ఎండుచేపల వర్తకమునుగూర్చి మాటలాడుటకు ముందు తడకలనుగూర్చి చెప్పుట అసందర్భమని తోచవచ్చును. కాని ఆ తడక లేనిచో ముందు చెప్పబోవు ప్రచారమంతయు వ్యర్థము.

ఎండుచేపలు నెలల తరబడి నిలువయుండును; కాని వానిని కొనువారు ఎచ్చట నున్నారు? పూర్వము ఈ ప్రశ్నకు సమాధానము సంత. మండలము పేరులోనే సంత యున్నది గదా! స్త్రీలు తట్టలు నెత్తికెత్తుకొని ఊరూర తిరుగుచు కేక వేసి అమ్మెడివారు. ఆ కేకయే వారి ప్రకటన. చేప పేరు, తెచ్చిన రేవు, అమ్మునామె స్వరము - మూడును అందులోనే యుండెడివి. ఇంటిలోని ఇల్లాలు ముఖము చూడకయే ఆ గొంతును గుర్తించెడిది. "క్రిందటి వారము తెచ్చినది చేదుగా నున్నది" అని నిష్ఠురముగా పలికెడిది. అయినను మరల కొనెడిది. నేడు కూడ ఈ తట్టలు పూర్తిగా మాయము కాలేదు. కాని కేక వినబడునంత దూరమే ఆ వ్యాపారపు ఎల్ల. టెక్కలిలో కొనదలచినవానికి భావనపాడు కేక వినబడదు. హైదరాబాదులో నున్నవాని మాట చెప్పనేల?

అమ్మువానికిని కొనువానికిని నడుమ వార్త లేకపోవుటచే కలుగు నష్టము ఎంతటిదో తెలుపు ప్రసిద్ధమైన పరిశీలన యొకటి కేరళ తీరమున జరిగినది. రాబర్ట్ జెన్‌సెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఉత్తర కేరళలోని కాసరగోడు, కన్ననూరు, కోళిక్కోడు జిల్లాలలో 1996 నుండి 2001 వరకు మత్తిచేపల ధరలను వారము వారము సేకరించెను. 1997 జనవరి 14వ తేదీ ఉదయమున వడకర రేవులో పదునొకండుమంది మత్స్యకారులు తమ చేపలను కొనువారు లేక సముద్రములో పారబోయ సిద్ధముగా నుండిరి. అదే సమయమున అచ్చటికి 15 కిలోమీటర్ల లోపుననే, ఇరుప్రక్కలనున్న రేవులలో, ఇరువది యేడుగురు చేపలు దొరకక వట్టిచేతులతో ఇండ్లకు మరలుచుండిరి! ఒకచోట చేప పారవేయబడుచున్నది. మరియొకచోట చేప లేదు. నడుమ లేనిది త్రోవ కాదు, వార్త.

ఆ సంవత్సరములలోనే తీరమున సెల్‌ఫోను స్తంభములు ఒకదానివెంట ఒకటి వెలసినవి. తీరమునుండి ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్ల దూరమువరకు సంకేతములు అందెను. మత్స్యకారులు పడవలోనుండియే రేవురేవునకు ఫోను చేసి, ధర యున్నచోటికి పడవను మరల్చసాగిరి. అంతకు పూర్వము పట్టిన చేపలలో నూటికి అయిదు నుండి ఎనిమిది పాళ్లు వ్యర్థమగుచుండెను. ఫోను వచ్చిన పిమ్మట ఆ వ్యర్థము దాదాపు అంతరించెను. మత్స్యకారుల లాభము సగటున నూటికి ఎనిమిది పెరిగెను. వింత యేమనగా, కొనువారికి కూడ ధర నూటికి నాలుగు తగ్గెను. ఈ పరిశీలన 2007లో ప్రచురింపబడెను.

అట్లని ఫోను చేతికి రాగానే కష్టములు తీరునని తలచరాదు. వలకును మరపడవ యంత్రమునకును సావుకారునొద్ద అప్పు తెచ్చినవాడు తన చేపను సాధారణముగా ఆ సావుకారునకే, అతడు చెప్పిన ధరకే, ఇయ్యవలసివచ్చును. పైరేవులో ధర హెచ్చుగా నున్నదని ఫోను తెలిపినను అతని పడవ అటు తిరుగదు. శ్రీకాకుళము తీరమునుండి మత్స్యకారులు గుజరాతులోని వెరావలు వరకు వలసపోయి అచ్చటి పడవలలో కూలికి పనిచేయుట ఎరిగిన విషయమే. 2018 నవంబరులో అట్లు పోయినవారు వేటలో సముద్రపు ఎల్ల దాటిరని పాకిస్తానువారిచే బంధింపబడిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైరి. ఇంత దూరము పోవుటకు కారణములు పెక్కు. సొంత రేవున ప్రతిఫలము చాలకుండుట వానిలో ఒకటి. కావున నెత్తళ్ల ధర అల్పవిషయము కాదు.

ఫోనులో ఒకరితో ఒకరు మాటలాడవచ్చును. సామాజిక మాధ్యమములనబడునవి వేరు. వానిలో ఒకడు వేసిన కేకను వేలమంది వినవచ్చును. విన్నవారు మరల ఇతరులకు వినిపింపవచ్చును. 2004లో ఫేస్‌బుక్, 2005లో యూట్యూబ్, 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రాము పుట్టినవి. 2016లో డేటా ధరలు దిగివచ్చుటచే ఇవి మనదేశపు పల్లెలలోనికి వేగముగా చొచ్చుకొని వచ్చెను. ఆ సంవత్సరముననే యూపీఐ చెల్లింపులు ప్రారంభమైనవి. 2018లో చిన్న వ్యాపారులకొరకు వాట్సాప్ ప్రత్యేకముగా ఒక యాపును వెలువరించినది. దానిలో సరుకుల చిత్రములను, ధరలను అంగడిలో పేర్చినట్లు పేర్చవచ్చును.

ఈ మాధ్యమములు కేకను దూరమునకు మోయు విధము తెలిసికొనదగినది. ఒకరు ఒక చలనచిత్రమును ఉంచగానే అది లోకమంతటికి పోదు. సంస్థవారి కంప్యూటర్లు సాధారణముగా దానిని మొదట కొద్దిమందికి చూపును. వారు దానిని ఎంతసేపు ఆగి చూచిరి, ఇతరులకు పంపిరా, ఏమైన వ్రాసిరా అను సంగతులను లెక్కించి, ఆగి చూచినవారు హెచ్చుగానున్నచో మరికొందరికి చూపును. అనగా ఇచ్చట తూనికరాయి సత్యము కాదు, నాణ్యము కాదు. చూపరి కన్ను నిలిచిన కాలము మాత్రమే. మంచి చేపను చూచి ఆగినవానిని, తగవును చూచి ఆగినవానిని ఆ యంత్రము ఒక్కరీతిగనే లెక్కించును.

కన్ను నిలుపుటకు ఆర్భాటమే కావలెనని లేదు. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామమునకు చెందిన మస్తానమ్మ అను వృద్ధురాలు పొలముగట్టున కూర్చుండి కట్టెలపొయ్యిపై వండుచుండగా ఆమె మనుమని వరుసవారు చిత్రించి 2016 నుండి యూట్యూబులో ఉంచిరి. నూరేండ్లు దాటినదని చెప్పబడిన ఆమె 2018 డిసెంబరులో మరణించునాటికి ఆ వంటలను చూచువారు పదిలక్షలకు పైబడిరి. ఆమె ప్రక్క దీపాల వరుసలు లేవు. గోటితో అల్లము పొట్టు తీయు ఆ చేతులను చూచుటకే జనులు ఆగిరి.

ఇపుడు భావనపాడులో ఎండుచేపలమ్ము ఒక ఇల్లాలిని ఊహించుకొనుడు. ఆమెకు తట్ట కలదు, తడక కలదు; కుమార్తె చేతిలో ఫోను కలదు. ఆమె కేక ఎవరికి వినిపింపవలెను? లోకమంతటికి అక్కరలేదు. ఆ జిల్లానుండి విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు కూలికిని కొలువునకును పోయినవారు అసంఖ్యాకులు. వంకాయతో కలిపి వండిన నెత్తళ్ల వాసన వారి జ్ఞాపకములో నున్నది. బస్తీ దుకాణములో దొరకునది ఏ రేవుదో వారికి తెలియదు. వారే ఆమె ఖాతాదారులు. బంధువులు, వారి యిరుగుపొరుగు, వారితో పనిచేయువారు - వాట్సాపులో నూరుమంది చాలుదురు.

ఆమె ఏమి చూపవలెను? ఉదయపుటెండలో తడకపై పరచిన చేప. త్రాసులో ముల్లు నిలిచిన బరువు. ఉప్పు వేసినదా, వేయనిదా. ఏ దినమున ఎండినది. కిలో ధర యెంత, పంపుట కెంత. చేప పేరు చెప్పుటలో ఒక చిక్కు కలదు. ఒకే చేపకు ఒక్కొక్క తీరమున ఒక్కొక్క పేరు. గోదావరివారు పిలుచు పేరు శ్రీకాకుళమువారు పిలువరు. కావున పేరుతో చిత్రమును తప్పక జతపరుపవలెను. చదువురానివారి కొరకు వ్రాతకు మారుగా మాటను పంపవచ్చును. నిజమునకు ఆమె కేకయే మేలు; అది ఆమె తల్లినుండి నేర్చినది. నవ్వుచున్న సినిమా తార బొమ్మ నంటించి, "లోకములోకెల్ల శ్రేష్ఠమైనవి" అని వ్రాయుట వలన ఆమెకు కలిసివచ్చునది ఏమియు లేదు.

హైదరాబాదునుండి ఒకడు నలుగురు చూచుచోటనే ఇట్లు వ్రాసెననుకొనుడు: "అప్పా, క్రిందటిమారు పంపిన నెత్తళ్లలో ఇసుక తగిలినది." కుమార్తె ఆ మాటను తుడిచివేయ నెంచును. తల్లి వలదని, ఫోను తీసికొని బదులు పలుకును: "నిజమే తమ్ముడూ. గాలికి తడక ఒరిగి ఒక పాలు ఇసుకలో పడినది. దులిపితిమి కాని చాలలేదు. ఈమారు అరకిలో ఊరకనే పంపెదను, చూచి చెప్పుము." ఈ బదులును చదివిన తొంబదితొమ్మిదిమందికి ఆమె ఎట్టిదో తెలియును. ఏ ప్రకటనయు ఇంత పని చేయజాలదు.

లెక్క తెలియుటకై కొన్ని అంకెలను అనుకొందము. రేవులో సావుకారు కిలోకు 150 రూపాయలిచ్చును. బస్తీవాడు 300 ఇచ్చుటకు సిద్ధము. రెట్టింపు వచ్చినదని కుమార్తె గంతులు వేయును. తల్లి వ్రేళ్లపై లెక్కించును. వాసన వెలికి రాని మంచి సంచికి 20; టెక్కలివరకు ఆటోకు 20; అచ్చటినుండి ఆర్టీసీ పార్సెలుకు 60; చెడి తిరిగివచ్చినవానికి, ఫోను ఖర్చునకు 20. ఇవి మొత్తము 120. చేతికి మిగులునది 180. సావుకారు ధరకు పైన ముప్పది రూపాయలు మాత్రమే. అందులో సంచులు కట్టు శ్రమకు కూలి చేరలేదు. అదియే పొదుపు సంఘములోని పదిమంది స్త్రీలు తమ సరుకునంతను ఒకే దినమున, ఒకే ఆటోలో, ఒకే పెద్ద మూటగా పంపినచో దారిఖర్చు సగమునకు దిగవచ్చును. ఇట్టి వ్యాపారములలో పెక్కు మూతపడుటకు కారణము చూచువారు లేకపోవుట కాదు, ఈ లెక్క వేయకపోవుట.

చూచువారు మితిమీరినను చిక్కే. 2020 అక్టోబరులో దక్షిణ ఢిల్లీలో ఒక వృద్ధ దంపతులు నడుపుచున్న చిన్న పూటకూళ్ల దుకాణమునకు బేరము లేదని ఒకడు చలనచిత్రము తీసి చూపగా, మరునాటికి వీధి నిండ జనము నిండెను. విరాళములు వచ్చిపడెను, ఆ ధనమునుగూర్చి తగవు పుట్టి పోలీసులవరకు పోయెను. డిసెంబరులో వృద్ధుడు పెద్ద హోటలు తెరచెను. ఖర్చు రాబడిని మించుటచే 2021 ఫిబ్రవరిలో దానిని మూసి మరల పాత దుకాణమునకే వచ్చెను. జనులు జాలిచే వచ్చిరి. జాలి కొన్నినాళ్లకు చల్లారెను. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూరు ప్రాంతమున దారిప్రక్క భోజనము పెట్టు ఒక తెలుగు మహిళ విషయమున మరియొక విధము జరిగెను. యూట్యూబువారి చిత్రములచే జనము విరగబడగా వాహనములు నిలిచిపోయి, పోలీసులు ఆమెను అచ్చట అమ్మవలదనిరి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యము చేసికొనుటచే ఆమె మరల అచ్చటనే వ్యాపారము సాగించెను. ఆ కీర్తి ఆమె కోరి తెచ్చుకొన్నది కాదు; ఎవరో తెచ్చి నెత్తిన పెట్టినది.

డబ్బు తీసికొని సరుకును పొగడువారు నేడు పెక్కుమంది కలరు. అట్టివారు తాము ధనమునకో, ఊరక వచ్చిన వస్తువునకో పొగడుచున్నామని స్పష్టముగా తెలుపవలెనని కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో సూచనలు వెలువరించినది. తినుబండారములను పొట్లము కట్టి అమ్మువారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము ననుసరించి నమోదు కావలెను. ఇక మోసగాండ్రు వేరొకరు: "నీకు డబ్బు పంపుచున్నాము, నీ రహస్య సంఖ్య నొక్కుము" అందురు. డబ్బు పుచ్చుకొనుటకు ఆ సంఖ్యతో పనిలేదు, ఇచ్చుటకే పని. ఈ యొక్క సంగతి తెలియక సరుకును, సొమ్మును పోగొట్టుకొన్నవారు కలరు. అట్లు పోయినపుడు వెంటనే 1930 అను సంఖ్యకు తెలుపవలెను.

మరియొక సంగతి. ఈ అంగడి వెలసినది పరుల నేలపై. 2020 జూన్ 29వ తేదీన భారత ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినది. అందులో లక్షలమందిని కూడగట్టుకొన్నవారికి ఆ జనమంతయు ఒక్క రాత్రిలో కనుమరుగయ్యెను. ప్రకృతియు ఊరకుండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే తీరము దాటినది. ఉద్దానమున దినములకొలది విద్యుత్తు లేదు. అట్టివేళ ఫోను వట్టి పలక. అందుచేత ఆ యిల్లాలు ఖాతాదారుల పేరును, ఊరును, ఫోను సంఖ్యను, ఎవరికి ఏ చేప యిష్టమో ఆ సంగతిని ఒక రెండురూళ్ల పుస్తకమున కుమార్తెచే వ్రాయించుచున్నది. అది తడవకుండ బియ్యపు డబ్బాలో దాచుచున్నది.

భావనపాడు పరిసరములు మారుచున్నవి. భావనపాడు రేవుగా తలపెట్టిన ఓడరేవునకు మూలపేట రేవను పేర 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. పెద్ద ఓడలు వచ్చునపుడు చిన్న పడవల గతి యెట్లుండునో పల్లెలలో పలువురు పలువిధముల తలపోయుచున్నారు. కాని ఆ యిల్లాలికి ఏటేటా వచ్చు పరీక్ష వేరు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరువదియొక్క దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము; చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. పడవలు ఒడ్డుకెక్కును. పచ్చిచేప కరవగుటచే సరిగా అపుడే ఎండుచేపకు గిరాకి హెచ్చును; ఫోను ఎడతెగక మ్రోగును. మే మాసము నడుమకు ఆమె డబ్బాలు వట్టివగును. అంతలో ఒక దళారి వచ్చి, దూరపు రేవులనుండి తెచ్చిన మూటలను చూపి, "నీ సంచులలో పోసి పంపుము, ఎవరు కనిపెట్టెదరు?" అనును. చూచుటకు అవియు నెత్తళ్లే. ధర కూడ తక్కువ.

కుమార్తె తల్లి ముఖము చూచును. తల్లి ఒక నెత్తలిని నోట వేసికొని నమిలి ఉమ్మివేసి, ఫోనునడిగి తీసికొని, నూరుమందికి వినబడునట్లు తన గొంతుతోనే చెప్పును: "మా చేప అయిపోయినది. వేట మరల మొదలైన పిదప, ఎండ సరిగా కాసినచో, జూన్ నెలాఖరున పంపగలము. అంతవరకు వేరుచోట కొనుక్కొనుడు."